దిబ్బ మీద గుమ్మడి కాస్తుంది, మిరప కాయదు: ఎత్తు మడికి ఏ ఎరువు, ఎంత, ఏ గోడ

మా పెద్దమ్మ వాళ్ల దొడ్లో, పశువుల కొట్టం వెనక పెంట దిబ్బ ఉండేది. ఎవరూ విత్తనం పెట్టకుండానే ప్రతి వానాకాలం దాని మీద గుమ్మడి పాదు లేచేది. గొడుగులంత ఆకులు, గోడ దాటి పక్కింటి రేకుల మీదికి పాకే తీగ, దసరా నాటికి నాలుగైదు కాయలు. నేను ఊరవతల కొన్న 200 గజాల జాగాలో మొదటి ఎత్తు మడి కట్టినప్పుడు నా బుర్రలో ఉన్నది ఆ దిబ్బే. దిబ్బ మీద అంత కాస్తే, దిబ్బనే తెచ్చి మడిలో నింపితే ఇంకెంత కాస్తుందో అనుకున్నాను.

8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, అడుగు ఎత్తు. ఇటుకలు పేర్చి, లోపల పూర్తిగా పశువుల ఎరువే నింపాను. ఎరువు ఒక డైరీ నుంచి తెచ్చాను. రెండేళ్ల ఎరువు అన్నారు. పైన చూస్తే నల్లగా, పొడిపొడిగా ఉంది, నమ్మాను. మృగశిర కార్తెలో 40 మిరప మొక్కలు నాటాను, ఒక మూలన సొర గింజలు మూడు పెట్టాను. నాలుగో రోజుకు మిరప ఆకుల అంచులు కాల్చినట్టు గోధుమ రంగుకు తిరిగాయి. పదిహేను రోజులకు మిగిలినవి 11. అదే మడిలో, అదే ఎరువులో సొర మాత్రం పందిరి ఎక్కి కూర్చుంది. పెద్దమ్మ వచ్చి చూసి ఒక్కటే మాటంది: "దిబ్బ మీద గుమ్మడైతది గని మిరప కాదు బిడ్డా. మిరపకు మన్ను గావాలె."

ఎత్తు మడుల గురించి నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది ఏ గోడ కట్టాలి, ఏ కంపెనీ బెడ్ కొనాలి అనే అడుగుతారు. గోడ సంగతి చివరన చూసుకోవచ్చు. ముందు తేల్చుకోవాల్సినవి మూడున్నాయి: మీ నేలకు అసలు ఎత్తు కావాలా, దొరికే ఎరువు నిజంగా చివికిందా, మన్నుతో ఏ పాళ్లలో కలుపుతారు.

ఎత్తా, పల్లమా

ఎత్తు మడి మీద వచ్చే వీడియోల్లో చాలావరకు చలిదేశాలవి. అక్కడ నేల చల్లగా, తడిగా ఉంటుంది. మడి ఎత్తితే మన్ను త్వరగా వేడెక్కుతుంది, నీరు దిగిపోతుంది, వాళ్లు కాస్త ముందే విత్తుకోవచ్చు. మనకు ఏప్రిల్, మే నెలల్లో ఎండ 42, 43 డిగ్రీలు దాటుతుంది. ఇక్కడ మన్నును ఇంకా వేడెక్కించి, ఇంకా త్వరగా ఆరబెట్టుకుని మనం బాగుపడేదేమీ లేదు.

నల్లరేగడి అయితే లెక్క మారుతుంది. మా చెల్లెలు వాళ్లది నంద్యాల వైపు. వానాకాలంలో దొడ్లో అడుగేస్తే చెప్పు ఊడి మన్నులోనే ఉండిపోతుంది. ఆ నేలలో టమాట, మిరప, వంగ వేర్లు వారం రోజులు నీళ్లలో నానితే చాలు, కుళ్లు తగులుతుంది. అక్కడ ఎత్తు మడి తప్పనిసరి. జానెడు నుంచి అడుగు దాకా ఎత్తినా ఇబ్బంది లేదు, కింద రేగడి నీళ్లు పట్టి ఉంచుతుంది కాబట్టి ఎండాకాలంలో వేర్లు కిందికి దిగి తాగుతాయి.

మాది ఎర్ర చెల్క. కింద మొరం. పోసిన నీళ్లు పోసినట్టే దిగిపోతాయి. ఇలాంటి నేలలో అడుగు ఎత్తు మడికి ఏప్రిల్‌లో రోజుకు రెండు పూటలా తడి కావాలి. ఆ పక్కనే బెత్తెడు లోతు తవ్వి ఎరువు కలిపిన పల్లపు మడికి రోజు విడిచి రోజు తడిపితే సరిపోతుంది. అందుకే చెల్క నేలల వాళ్లకు నా సలహా: ఎత్తు జానెడు మించొద్దు, దాని కింద ఇంకో జానెడు లోతున నేలను గడ్డపారతో గుల్ల చేసి ఆ మీద నింపండి. మొక్కకు రెండు జానల లోతు దొరుకుతుంది, గోడ ఖర్చు సగమవుతుంది. కేవలం ఎండాకాలం కూరల కోసమే అయితే ఎత్తు మడి ఆలోచనే వద్దు, పల్లంగా పాదులు తవ్వుకోండి.

నీళ్లు నిలిచే పల్లపు ప్లాటు, ఇల్లు కట్టగా మిగిలిన ఇటుక ముక్కలూ సిమెంటూ రాలిన నేల, వంగి పని చేయలేని నడుము నొప్పి: ఈ మూడింట్లో ఏది ఉన్నా నేల రంగుతో పని లేదు, ఎత్తుకే వెళ్లండి.

ఎండిన పేడ వేరు, చివికిన ఎరువు వేరు

నేను మోసపోయింది ఇక్కడే. ఆ డైరీ వాళ్లు అబద్ధం చెప్పలేదు కూడా, కుప్ప వేసి రెండేళ్లయి ఉండవచ్చు. కానీ మన ఎండలకు కుప్ప పైన ఎండిపోతుంది, లోపల గాలి ఆడదు, తడి లేదు. తడి, గాలి లేనిచోట చివకడం ఆగిపోతుంది. రెండేళ్ల కుప్పలో రెండడుగుల కింద పచ్చిపేడ దొరకడం వింత కాదు. కాబట్టి ఎరువు అమ్మేవాళ్లను "ఎన్నేళ్లది?" అని కాదు, "ఎన్నిసార్లు తిరగేశారు? నీళ్లు కొట్టారా?" అని అడగాలి. తడి ఆరకుండా చూస్తూ, రెండు మూడుసార్లు తిరగేసిన కుప్ప మన వేడికి ఆరు నెలల్లోనే తయారవుతుంది.

చూసి తేల్చుకోవడం ఎలాగంటే, కుప్ప మధ్యలోకి గడ్డపార గుచ్చి పది నిమిషాలు ఉంచండి. తీసి, లోపలికి దిగిన కొనను చేత్తో పట్టుకోండి. వేడిగా ఉంటే ఆ కుప్ప ఇంకా ఉడుకుతోంది. చల్లగా ఉంటే అదే చోట మూరెడు లోతు తవ్వి గుప్పెడు తీయండి. పేడ వాసన, ముక్కు మండే ఘాటు ఉండకూడదు, తొలకరి వాన పడ్డప్పటి మట్టి వాసన రావాలి. గడ్డి పోచలు ఏవో, పేడ ఏదో గుర్తుపట్టగలిగితే అది ఇంకా పచ్చిదే. గట్టిగా పిండితే ముద్ద కట్టాలి, వేలితో పొడిస్తే విరిగిపోవాలి.

అంతకన్నా నమ్మకమైనది కుండీ పరీక్ష. రెండు పాత డబ్బాలు తీసుకుని ఒకదాంట్లో ఉత్త మన్ను, ఇంకోదాంట్లో సగం మన్ను, సగం ఆ ఎరువు నింపి, రెండింట్లోనూ వంటింటి డబ్బాలోంచి తీసిన మెంతులు పది పది గింజలు చల్లండి. నాలుగైదు రోజుల్లో మొలుస్తాయి. ఎరువు డబ్బాలో సగమే మొలిచినా, మొలక కొసలు మాడినా ఆ ఎరువు ఇంకో రెండు నెలలు నీడన ఆగాలి. ట్రాక్టరు ట్రాలీ బేరం చేసే ముందు ఓ సంచి నమూనా తెచ్చుకుని ఈ పని చేసి ఉంటే నా 29 మిరప మొక్కలు బతికి ఉండేవి.

ఏ ఎరువు

పశువుల ఎరువు, అంటే ఆవు, గేదెలది, బలంలో అన్నిటికన్నా తక్కువ. బాగా చివికినదాంట్లో సుమారు నత్రజని 0.5 శాతం, భాస్వరం 0.2, పొటాష్ 0.5. అంకెలు చూసి చిన్నచూపు చూడొద్దు. మడి నింపడానికి మనకు కావాల్సింది బలం ఒక్కటే కాదు, మన్నును గుల్ల చేసే పీచు కూడా. ఆ పని దీనంత బాగా ఇంకేదీ చేయదు. పొరపాటున కాస్త ఎక్కువ పడినా మొక్కను చంపదు, నిజంగా చివికి ఉంటే. మొదటిసారి మడి కట్టేవాళ్లకు ఇదే.

గొర్రెలు, మేకల ఎరువులో నత్రజని 3 శాతం దాకా ఉంటుంది, భాస్వరం 1, పొటాష్ 2. అంటే లెక్కకు పశువుల ఎరువుకు నాలుగు నుంచి ఆరు రెట్లు. పొలాల్లో గొర్రెల మంద పెట్టించుకోవడానికి రైతులు కాపరులను బతిమాలేది ఊరికే కాదు. కానీ మడికి వాడేటప్పుడు రెండు చిక్కులు. ఒకటి, ఆ ఉండలు ఎండితే రాయిలా అయి నెలల తరబడి కరగవు, నానబెట్టో, నలగ్గొట్టో వేయాలి. రెండోది, మేకలు తుమ్మకాయలు ఇష్టంగా తింటాయి, గింజలు అరగవు. నేను ఒక మడికి మేకల ఎరువు వేసిన మూడో వారానికి కొత్తిమీర మధ్యలో సర్కారు తుమ్మ మొలకలు బారులు తీరాయి. చిన్నప్పుడే పీకితే సరే, నెల ఆగితే ముల్లు గుచ్చుకుంటుంది. మడి నింపడానికి కాదు, పైన పిడికెడు పిడికెడు వేయడానికి ఇది మంచిది.

కోళ్ల ఎరువు దొరకని ఊరు మన రెండు రాష్ట్రాల్లో తక్కువే. నత్రజని 3 శాతం, భాస్వరం 2.6 దాకా, పొటాష్ 1.4. చవక. ఘాటు కూడా అంతే, పచ్చిది వేస్తే మొక్క వేరు మాడిపోతుంది. గుడ్ల కోళ్ల మేతలో సున్నపురాయి పొడి, గవ్వల పొడి కలుపుతారు, అదంతా ఎరువులోకి వస్తుంది. ఇప్పటికే సున్నం ఎక్కువున్న రేగడి నేలల్లో ఏడాదికేడాది ఇదే వేస్తే ఇనుము అందక లేత ఆకులు పసుపు పడతాయి. మాంసం కోళ్ల షెడ్ల నుంచి వచ్చేది ఊకతో కలిసి ఉంటుంది, కుప్ప వేసి చివికించడానికి అది కాస్త నయం. నన్నడిగితే కోళ్ల ఎరువును నేరుగా మడిలోకి రానివ్వను. పశువుల పెంట కుప్పలో పొరలుగా వేస్తాను, కుప్ప వేడెక్కి త్వరగా చివకడానికి అది పనికొస్తుంది.

వర్మీ కంపోస్టు మంచిదే, కలుపు గింజల బెడద తక్కువ, వాసన లేదు. కానీ దాంతో మడి నింపడమంటే నేతితో దీపం పెట్టడమే. 32 ఘనపుటడుగుల మడికి లెక్కేసుకుని చూడండి, మీకే అర్థమవుతుంది. నారు పోసే ట్రేలకు, కుండీలకు, నాటేటప్పుడు గుంతలో దోసెడు వేయడానికి ఉంచుకోండి.

ఏ ఎరువు తెచ్చినా తవ్వుతున్నప్పుడు బొటనవేలంత లావు, కొక్కెంలా వంగిన తెల్లటి పురుగులు కనబడొచ్చు. అవి ఎక్కువగా కొబ్బరి కొమ్ముపురుగు పిల్లలు. కుళ్లిన పెంట తింటాయి గానీ కూరగాయల వేర్లను పెద్దగా ముట్టవు. అయితే పెద్దవయ్యాక ఎగిరివెళ్లి కొబ్బరి మొవ్వు తొలుస్తాయి. కోళ్లుంటే వాటి ముందు వేయండి, ఒక్కటి మిగలదు. వీటికన్నా చిన్నగా ఉండే వేరుపురుగుతోనే గొడవ, అది నిజంగానే వేర్లు కొరుకుతుంది. పచ్చి ఎరువు వేసిన చోటికి చెదలు కూడా తరలివస్తాయి. నాటడానికి ముందు 90 కిలోల చివికిన ఎరువుకు 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడె (కుళ్లు తెగుళ్లను అణిచే మేలు బూజు) కలిపి, నీడన తడి ఆరకుండా గోనె సంచి కప్పి వారం పది రోజులు మాగబెట్టే పద్ధతి వ్యవసాయ అధికారులు ఎప్పటినుంచో చెబుతున్నదే. పెరటి మడికి అందులో పదో వంతు చాలు. వేరుకుళ్లు బాగా తగ్గుతుంది.

ఉత్త ఎరువా, కలిపిందా

ఇక అసలు ఎంపిక. చివికిన ఎరువు ఒక్కటే నింపిన మడి కూరగాయలు పండించదని కాదు. పండిస్తుంది, కొన్నిటినే. సొర, గుమ్మడి, బీర, కాకర, దోస, పొట్ల: వీటికి ఎంత పెట్టినా ఆకలే. తోటకూర, బచ్చలి, పాలకూర కూడా మొహమాటం లేకుండా తింటాయి. చామ, అరటి సరేసరి.

టమాట, వంగ, మిరప ఉత్త ఎరువులో ఆకు విపరీతంగా వేస్తాయి, కాయ ఆలస్యం. పచ్చగా, నిగనిగలాడుతూ నడుం ఎత్తు పెరిగిన టమాట చెట్టుకు ఆరు కాయలు కాస్తే చూసి మురిసిపోవాలా, ఏడవాలా? పైగా నత్రజని ఎక్కువై, నీరు ఒకరోజు ఎక్కువ ఒకరోజు తక్కువ అయితే కాయ అడుగున నల్లటి మచ్చ పడి కుళ్లుతుంది. కాయకు సున్నం సమయానికి అందకపోవడం వల్ల వచ్చే లోపం అది, మందు కొడితే పోదు. చిక్కుడు, గోరుచిక్కుడు, అలసంద గాలిలోని నత్రజనిని వేళ్ల బుడిపెల్లో తామే పట్టుకుంటాయి. వాటికి ఉత్త ఎరువు పెడితే తీగే తప్ప పూత ఉండదు. ముల్లంగి, క్యారెట్ దుంపలు చీలి, ముడతలు పడి, కాళ్లు ముడుచుకున్న బొమ్మల్లా వస్తాయి.

ఇంకో రెండు కష్టాలు ఏడాది తిరిగితే గానీ తెలియవు. ఎరువు చివుకుతూనే ఉంటుంది కాబట్టి మడి దిగిపోతుంది. మృగశిరలో అంచుల దాకా నింపిన నా మడి దసరాకు బెత్తెడు కిందికి దిగింది. రెండోది, ఉత్త ఎరువు ఒక్కసారి బాగా ఎండిందా, మళ్లీ నీళ్లు పట్టదు. పైపుతో కొడితే పైన తడిసినట్టే ఉంటుంది, నీళ్లు గోడ పక్క సందుల్లోంచి జారిపోతాయి. వేలు పెట్టి చూస్తే రెండంగుళాల కింద పొడి. బోరు నీళ్లు ఉప్పగా ఉండే చోట్ల ఎరువులోని ఉప్పు, నీళ్ల ఉప్పు కలిసి మడి పైన తెల్లటి పెచ్చు కడుతుంది, మొలకలు అక్కడే మాడతాయి.

అందుకని నా పాళ్లు: ఒక వంతు చివికిన పశువుల ఎరువు, రెండు వంతుల మన్ను. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, అడుగు ఎత్తు మడికి 32 ఘనపుటడుగులు పడుతుంది, అంటే దాదాపు 900 లీటర్లు. అందరి ఇళ్లలో ఉండే 20 లీటర్ల పెయింటు బకెట్‌తో కొలిస్తే 45 బకెట్లు. అందులో 15 ఎరువు, 30 మన్ను. జానెడు ఎత్తే కడితే ఇంకా తక్కువ.

ఆ మన్ను ఏదన్నది నేలను బట్టి. చెల్క నేలల వాళ్లు 30 బకెట్లలో 10 చెరువు పూడిక మట్టి కలపండి, నీళ్లు నిలుపుకుంటుంది. మిషన్ కాకతీయ కింద చెరువులు తవ్వినప్పుడు రైతులు ట్రాక్టర్లు పెట్టి మరీ పూడిక తోలుకుపోయింది అందుకే. పూడిక ఒక్కటే నింపితే మాత్రం ఎండాక గచ్చులా బిగుసుకుంటుంది. రేగడి వాళ్లు సొంత మన్నులోనే సగం సగం ఎరువు కలపొచ్చు, బంక మన్నుకు పీచు ఎంత ఇచ్చినా తీసుకుంటుంది. ఇసుక కొద్దిగా కలిపితే గుల్ల అవుతుందని చాలామంది అనుకుంటారు, రేగడిలో గుప్పెడు ఇసుక ఏ పనీ చేయదు. ఊక, ఎండాకులు నయం. ప్లాట్ల దగ్గర "రెడ్ సాయిల్" పేరుతో అమ్మే మన్ను చాలాసార్లు పునాదులు తవ్విన లోపలి మొరమే. అందులో జీవం ఉండదు, అలాంటిదే దిక్కయితే ఎరువు సగం దాకా పెంచండి.

రెండో ఏడాది నుంచి మడిని మళ్లీ నింపొద్దు. పంట తీసిన ప్రతిసారి పైన అంగుళం మందాన చివికిన ఎరువు పరిస్తే చాలు, ఆ మడికి నాలుగు బకెట్లు. ప్రతి పంటకూ జానెడు ఎరువు వేసేవాళ్లను చూశాను. భాస్వరం పేరుకుపోయి జింకు, ఇనుము అందక నాలుగో ఏటికి ఆకులు పాలిపోతే "ఇంకా బలం చాలట్లేదు" అని మళ్లీ ఎరువే వేస్తారు. అలాంటి మడికి ఒక ఏడాది ఎరువు మాన్పించి అలసందలు వేయాలి.

ఉత్త ఎరువు మడి ఇప్పటికే నింపేసుకున్నవాళ్లు తవ్విపోయక్కర్లేదు. ఈ ఏడాది సొర, బీర పెట్టండి. అది దిగిపోయిన మేరకు మన్ను పోసి కలపండి, వచ్చే ఏడాది వంగ, ఆ పై ఏడాది మిరప, దుంపలు. దిబ్బ నెమ్మదిగా మన్నుగా మారుతుంటే దానికి తగ్గట్టు పంట మార్చుకుంటూ పోవడమే.

పచ్చిగా తినే కొత్తిమీర, ముల్లంగి, క్యారెట్ విషయంలో ఎరువు చివికిందా లేదా అనేది పంట సంగతే కాదు, కడుపు సంగతి కూడా. అమెరికా సేంద్రియ సాగు నిబంధనల్లో పచ్చి పేడ వేసిన నేలలో మన్నుకు తగిలే పంటయితే కోతకు 120 రోజుల ముందు, తగలనిదైతే 90 రోజుల ముందు ఆ పేడ పడి ఉండాలి. ఇక్కడ పెరట్లో మనల్ని అడిగేవాళ్లు లేరు, మనల్ని మనమే ప్రశ్నించుకోవాలి.

గోడ

గోడ లేకపోయినా ఎత్తు మడి మడే. నారుమడులు మన దగ్గర తరాలుగా మీటరు వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తు, అటూ ఇటూ కాలువ తీసి గోడ లేకుండానే పోస్తున్నారు. మొదటి ఏడాది ఇలాగే చేయండి. ఎక్కడ ఎండ పడుతుంది, ఎక్కడ వేపచెట్టు వేళ్లు వచ్చి మడిలో దూరతాయి, ఎక్కడ నీళ్లు నిలుస్తాయి అన్నవి ఒక వానాకాలం గడిస్తే గానీ తెలియవు. నా మొదటి ఇటుక మడి వేపచెట్టుకు పది అడుగుల్లో కట్టాను. రెండేళ్లకు తవ్వి చూస్తే మడి నిండా వేప వేళ్లు వలలా అల్లుకుని ఉన్నాయి. నేను పోసిన ఎరువంతా తిన్నది ఆ వేపే.

స్థలం కుదిరాక ఇటుక. సిమెంటు వద్దు, ఉత్తగా పేర్చండి, సందుల్లోంచి నీళ్లు పోతాయి, మనసు మారితే విప్పుకోవచ్చు. నేను చెప్పిన కొలత మడి చుట్టుకొలత 24 అడుగులు, 9 అంగుళాల ఇటుక వరసకు 32 పడతాయి, మూడంగుళాల మందం చొప్పున నాలుగు వరసలకు 128. తెలంగాణలో షాబాద్, తాండూరు బండలు, సీమలో కడప బండలు చవగ్గా దొరికితే నిలువుగా సగం పాతి నిలబెట్టడం ఇంకా తేలిక, పాతికేళ్లు చూడక్కర్లేదు. మే నెలలో మాత్రం బండ పెనంలా కాలుతుంది, అంచున ఉన్న లేత మొక్కలకు సెగ తగులుతుంది. అంచు వెంట జానెడు వదిలి నాటండి, లేదా తీగ బచ్చలి పెట్టి బండను కప్పేయండి.

కర్ర చూడ్డానికి అందంగా ఉంటుంది. సరుగుడు, యూకలిప్టస్ కర్రలు తడి మన్నుకు ఆనుకుని ఉంటే రెండు మూడు వానాకాలాలకు చెదల పాలు. చేవ ఉన్న తాటి మొద్దు దొరికితే తీసుకోండి, అది నిలుస్తుంది. బావులకు వాడే సిమెంటు వరలు కూరలకు దండగ గానీ, పందిరి తీగకు భలే కుదురుతాయి. మూడడుగుల వర ఒకటి పెట్టి, అడుగున కొబ్బరి మట్టలు, ఎండు కొమ్మలు, పైన ఎరువు కలిపిన మన్ను నింపి రెండు సొర పాదులు పెడితే ఇంటికి చాలు.

వెడల్పు విషయంలో పుస్తకాల 4 అడుగులు అందరికీ పనికిరావు. రెండు వైపుల నుంచీ చేయి మధ్యకు అందాలి, అదీ చీర కొంగు మొక్కల మీద పడకుండా. మా ఇంట్లో 3 అడుగులే సుఖం. ప్రహరీకి ఆనించి కట్టేదైతే 2 అడుగులు దాటొద్దు.

డాబా మీద సంగతి వేరు. అడుగు లోతు తడి మన్ను చదరపు అడుగుకు 45 కిలోలకు తగ్గదు. మనుషులు తిరిగే డాబా స్లాబుకు ఐఎస్ 875 అనే భారత ప్రమాణం పెట్టుకునే బరువు చదరపు మీటరుకు 150 కిలోలు, అంటే అడుగుకు 14. మూడింతల బరువు స్లాబు నడిమధ్య పెట్టి ఏళ్ల తరబడి తడుపుతామంటే ఇంజనీరును అడగకుండా చేసే పని కాదు. అక్కడ హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) బెడ్లు, గ్రో బ్యాగులు దూలాల మీద, గోడల వెంట ఉంచి, మన్ను తగ్గించి కొబ్బరిపొట్టు పెంచండి: కొబ్బరిపొట్టు, ఎరువు, మన్ను సమపాళ్లలో. అది త్వరగా ఆరిపోతుంది, ఎరువు తరచూ పడాలి, ఆ చాకిరీకి ఒప్పుకునే దిగండి.

బ్రిటన్‌లో, అమెరికాలో గోంగూర, దోస పెంచుకునే మనవాళ్లకు ఎత్తు అడుగు ఉన్నా తప్పులేదు, అక్కడి వసంతానికి అది కావాలి. వాళ్లు చూసుకోవాల్సింది ఎరువులోని కలుపు మందు. అమినోపైరాలిడ్ అనే మందు కొట్టిన పచ్చిక తిన్న పశువులు, గుర్రాల ఎరువులో అది చెక్కుచెదరకుండా వస్తుంది, కుప్ప వేసినా త్వరగా పోదు. 2008లో బ్రిటన్ తోటల్లో టమాటలు, చిక్కుళ్లు దీంతోనే ఆకులు దొప్పల్లా ముడుచుకుపోతే ఆ మందు అనుమతిని కొంతకాలం నిలిపేశారు. అక్కడ కుండీ పరీక్ష మెంతులతో కాకుండా బీన్స్ గింజలతో చేయండి, మూడు నాలుగు వారాలు ఆగి కొత్త ఆకులు చూడండి. ఇక్కడ టమాట ఆకు ముడిస్తే మాత్రం ఎరువును తిట్టేముందు ఆకు తిప్పి తెల్లదోమ ఉందేమో చూడండి, పదింట తొమ్మిదిసార్లు అదే.

కోతులున్న ఊరైతే ఈ లెక్కలన్నీ ఒక పక్కన పెట్టి కాకర, గోంగూర, మిరప, చామ వేయండి. టమాట మడి ఎంత శాస్త్రోక్తంగా నింపినా తినేది మీరు కాదు.

వచ్చే వానాకాలానికి మడి కావాలనుకునేవాళ్లు ఎరువు సంక్రాంతి దాటగానే తెచ్చుకోవాలి. చెట్టు నీడన కుప్ప వేసి, పదిహేను రోజులకోసారి నీళ్లు చల్లి, నెలకోసారి తిరగేస్తే మృగశిరకు గడ్డపార చల్లగా బయటికి వస్తుంది. ఇటుకలు ఎప్పుడైనా దొరుకుతాయి. నా దగ్గర ఇప్పుడు మూడు మడులు ఒకటికి రెండు పాళ్లలో కలిపినవి ఉన్నాయి. నాలుగోచోట గోడ కట్టలేదు, మిగిలిన ఎరువు కుప్పగా వదిలేశాను. పోయిన శ్రావణంలో దాని మీద గుమ్మడి పాదు ఒకటి దానంతటదే లేచింది, నీళ్లు కూడా పోయలేదు, మూడు కాయలు కాసింది.